ఏ కళాశాల మంచిది?



ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన దినము మొదలుకొని పల్లెటూరి కాపరుల యిండ్లకు తలిదండ్రులు ఒకే ప్రశ్నతో వచ్చుచుందురు. "అయ్యగారండీ, మా అమ్మాయిని ఫార్మసీలో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏ కాలేజీ మంచిదంటారు?" ఒకటి రెండు సంవత్సరములు గడచిన పిమ్మట ఆ తలిదండ్రులే మరల వచ్చి, "పిల్ల బెంగ పెట్టుకుందండీ. అనుకున్నట్టు లేదంటోంది. మానిపించేద్దామా?" అని యడుగుదురు. ఈ రెండును వేర్వేరు ప్రశ్నలవలె కనబడును గాని, నాకు తోచినంతవరకు ఇవి ఒకే ప్రశ్నకు రెండు కొనలు. చదువును దేనికొరకు ఎంచుకొంటిమో దానిని బట్టియే అది మనలను సంతోషపెట్టుటయో నిరాశపరచుటయో జరుగును.

మన ప్రాంతమువారికి మందుల లోకమనగా బెజవాడలోని గవర్నర్‌పేట, దాని ప్రక్కనున్న సూర్యారావుపేట. ఊరిలో జ్వరము తగ్గనియెడల ఉయ్యూరు మీదుగానో ఏలూరు రోడ్డునబడియో బస్సెక్కి వచ్చి, డాక్టరుగారి వరండాలో టోకెను పట్టుకొని కూర్చుండి, సాయంకాలమునకు చీటీ చేతబట్టుకొని మందుల దుకాణము ముందు నిలుచుదుము. అద్దముల వెనుక తెల్లకోటు వేసికొన్న చిన్నవాడో చిన్నదియో ఆ చీటీని చదివి, అరలోనుండి మందు తీసి, కవరు మీద గీతలు గీసి, ఉదయము ఒకటి రాత్రి ఒకటి అని చెప్పుదురు. మోకాలిలోతు బురదలో నాట్లు వేసిన తల్లి ఆ చల్లని గదిని, ఆ శుభ్రమైన చేతులను చూచి, నా బిడ్డ అక్కడ నిలుచుండిన బాగుండునని కోరుకొనును. ఆ కోరికలో తప్పేమియు లేదు. అయితే ఆ తల్లి చూచినది అద్దమునకు ఇవతలినుండి మాత్రమే.

తెలియనివారి కొరకు కొంచెము చెప్పవలెను. మందుల చదువు ముఖ్యముగా 3 విధములు. డి.ఫార్మసీ 2 సంవత్సరములు. ఆ తరువాత మందుల దుకాణములోనో ఆసుపత్రిలోనో 500 గంటలు పని నేర్చుకొనవలెను. బి.ఫార్మసీ 4 సంవత్సరములు. ఫార్మ్.డి. 6 సంవత్సరములు, 2008లో మన దేశములో ప్రారంభమైన ఈ చదువులో కడపటి సంవత్సరమంతయు ఆసుపత్రిలో గడుపవలెను. మొదటి దానితోనే మందుల దుకాణములో రిజిస్టరు ఫార్మసిస్టుగా నిలుచుటకు అర్హత వచ్చును. రెండవది పరిశ్రమకును, ప్రయోగశాలలకును, పై చదువులకును త్రోవ. మూడవదానియందు తలిదండ్రులకు గల మోజు వేరు: పేరునకు ముందు డాక్టరు అని పెట్టుకొనవచ్చునట. ఆ రెండక్షరముల కొరకు 6 సంవత్సరముల ఫీజును లెక్కింపకయే చేర్చినవారిని ఎరుగుదును. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు లూకా 14వ అధ్యాయములో చెప్పిన సంగతి మనకు కంఠస్థమే. ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్నప్పుడు మాత్రము జ్ఞాపకము రాదు.

ఎందుకనగా మనలో అనేకులు కళాశాలను ఎన్నుకొనుటలేదు. ఈఏపీసెట్ ర్యాంకు కాగితమును సెంటరులోని కుర్రవానికి ఇచ్చి, "బాబూ, నువ్వే పెట్టెయ్యి" అనుచున్నారు. అతడు అరగంటలో పెట్టివేయును. 6 సంవత్సరముల జీవితము అరగంటలో, అదియు పరుని చేత, నిర్ణయమగుచున్నది. లేనియెడల లోతువలె ఎన్నుకొనుచున్నారు. లోతు కన్నులెత్తి చూచెను; యొర్దాను మైదానము నీళ్లు పారుచు తోటవలె నుండెను; ఆ పచ్చదనము చూచి ఎంచుకొనెను గాని, అక్కడి మనుష్యులెట్టివారో విచారించినట్లు ఆదికాండము 13లో కనబడదు. కాలువ నీటి విలువ తెలిసిన డెల్టావారము గనుక లోతును నిందించుటకు మనకు నోరు రాదు. ఐనను నాలుగంతస్తుల మేడ, గేటు ముందు తోట, ఊరిలోనికి వచ్చు పసుపుపచ్చ బస్సు, ర్యాంకులవారి ఫొటోలతో కట్టిన ఫ్లెక్సీ, ఇవియన్నియు యొర్దాను మైదానమే.

బెజవాడ చుట్టుపట్ల ఈ చదువుకు స్థలములు చాలనే ఉన్నవి. పట్టణములోనే సిద్ధార్థవారి కళాశాల, ఎనికెపాడులో ఆడపిల్లలకు ప్రత్యేకముగా విజయ, మంగళగిరి దగ్గర ఆత్మకూరులో నిర్మల, గుంటూరు దగ్గర లాములో చలపతి, నాగార్జున విశ్వవిద్యాలయములో దాని సొంత కళాశాల. దూరము పోగలవారికి విశాఖపట్టణములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కలదు. అక్కడ 1951 నుండియే ఈ చదువు చెప్పుచున్నారు. వీటిలో ఏది పెద్దది, ఏది చిన్నది అని ఈ పత్రికలో వ్రాయుట నా పని కాదు. నేను తలిదండ్రులతో చెప్పునది ఒక్కటే: అడ్మిషన్ల దినమున కాక మామూలు పనిదినమున, మధ్యాహ్నము 2 గంటలకు, చెప్పకుండ వెళ్లి చూడుడి. ప్రయోగశాలలో పిల్లలున్నారా? త్రాసుల మీద దుమ్మున్నదా? మూడవ సంవత్సరపు పిల్లను చెట్టు క్రిందికి పిలిచి, "అమ్మా, ఈ వారము నీ చేతులతో ఏమి చేశావు?" అని అడుగుడి. ఆ పిల్ల ముఖమే మీకు జవాబు చెప్పును. ఫార్మసీ కౌన్సిలు ఆమోదము ఈ సంవత్సరమునకు ఉన్నదా, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైనయెడల సర్టిఫికెట్లు ఆపుదురా, హాస్టలు లెక్క వేరా, ఈ మాటలు ఆఫీసులో మొగమాటము లేక అడుగుడి. బి.సి.-సి సర్టిఫికెట్టుతో చేరు మన పిల్లల తండ్రులు ఆఫీసు కిటికీ ముందు అవసరమునకు మించి తల వంచుకొందురు. తల వంచుకొనుటకు కారణమేమియు లేదు.

ఒక కుటుంబము ఇట్లే రెండు కళాశాలల మధ్య ఊగినది. ఒకటి దూరము, హాస్టలులో ఉండవలెను, హాజరు ఖచ్చితము. రెండవ దానిని గూర్చి బంధువొకడు చెప్పిన మాట ఇది: "అక్కడైతే రోజూ వెళ్లక్కర్లేదు బావా. హాజరు వాళ్లే వేసుకుంటారు. పరీక్షలకు వెళ్తే చాలు. ఈలోగా అమ్మాయి ఏదో దుకాణంలో నాలుగు రాళ్లు సంపాదించుకుంటుంది." ఆ కళాశాల పేరు ఇక్కడ వ్రాయను. తండ్రి కౌలు రైతు. ఆ సంవత్సరము తుపానుకు పంట పడిపోయినది. అట్టి తండ్రికి ఈ మాట పాపముగా తోచదు, ఉపకారముగా తోచును. "పుస్తకాలు ఇంటి దగ్గర చదువుకుంటే రాదా అయ్యగారూ? ఎవరికి నష్టం?" అని నన్నడిగెను.

ఎవరికి నష్టము? నేను ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన ప్రశ్న ఇదియే. బి.ఫార్మసీ నియమముల ప్రకారము ఒక్కొక్క పాఠ్యాంశములో, థియరీకి వేరుగా ప్రాక్టికల్‌కు వేరుగా, నూటికి 80 వంతుల హాజరు ఉండవలెను. తప్పు హాజరు వేయుట అబద్ధము గనుక పాపమని చెప్పి ఊరకొనవచ్చును. ఆ జవాబు నిజమే గాని ఆ తండ్రికి చాలదు. అబద్ధములో నష్టపోయినవాడెవడో కనబడనప్పుడు పేదవాడు దానిని చిన్న అబద్ధముగా ఎంచును. గనుక నష్టపోవువాడెవడో వెదకి చూపవలెను.

అతనిని చూచుటకు ప్రయోగశాలలోనికే పోవలెను. ఈ చదువులో చేరిన పిల్ల ఆసుపత్రిని, రోగులను, తెల్లకోటును ఊహించుకొని వచ్చును. మొదటి సంవత్సరములో ఆమెకు దొరకునది రసాయన శాస్త్రము, కల్వము, బ్యూరెట్టు, పెన్సిలుతో బొమ్మలు వేయవలసిన రికార్డు పుస్తకము. తెలుగు మీడియములో చదివిన పిల్లకు ఇంగ్లీషు పాఠము సగము గాలిలో పోవును. హాస్టలు సాంబారు నీళ్లు. యాకోబు రాహేలు కొరకు 7 సంవత్సరములు కొలువు చేసి, తెల్లవారి చూచినప్పుడు లేయా కనబడిన ఉదయము ఎట్టిదో, మొదటి సెమిస్టరు అట్టిదే. "నేను అడిగింది ఇది కాదు కదా" అని ఫోనులో ఏడ్చుదురు. ఈ ఏడుపును తలిదండ్రులు తేలికగా తీసికొనరాదు. కొన్నిచోట్ల నిజముగనే చదువు చెప్పువారుండరు, అట్టిచోట పిల్లను ఉంచుట బుద్ధి కాదు. కాని చెప్పువారున్నచోట కూడ ఆ నిరాశ కలుగును. ఆ యుదయమున యాకోబు మోసపోయెను, అందులో సందేహము లేదు. ఐనను యూదా, లేవి పుట్టినది లేయాకే.

ప్రయోగశాలలో ఒక పాత అలవాటు కలదు. ఈ పిల్లలు నాతో నవ్వుచు చెప్పినదే. టైట్రేషను చేసినప్పుడు ఎంత రావలెనో పై తరగతివారి రికార్డులో ఉండును. దానిని ముందు చూచుకొని, జవాబు నుండి వెనుకకు లెక్క వ్రాసికొని, తరువాత బ్యూరెట్టు త్రిప్పినట్లు నటింతురు. సారు సంతకము పెట్టును. మార్కులు వచ్చును. ఎవరికిని నష్టము కనబడదు.

1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అను మందును పిల్లలు సులభముగా త్రాగుటకై తియ్యని ద్రవములో కరిగించి అమ్మిరి. ఆ ద్రవము డైఇథిలీన్ గ్లైకాల్. అది తీపిగా, తేటగా నుండును; మూత్రపిండములను పాడుచేయును. 100 మందికి పైగా చనిపోయిరి. వారిలో అనేకులు పిల్లలు. అమ్మకమునకు ముందు ఆ మందు విషమగునో కాదో ఎవరును పరీక్షించి చూడలేదు. మరుసటి సంవత్సరము ఆ దేశములో కొత్త చట్టము వచ్చెను. అంతటితో ఆ విషము లోకమునుండి పోయెనా? 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో సుమారు 70 మంది పిల్లలు మూత్రపిండములు చెడి చనిపోయినప్పుడు, మన దేశమునుండి ఎగుమతియైన దగ్గు, జలుబు సిరపులలో అదే జాతి విషమున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించెను. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతములో దగ్గుమందు త్రాగి 20 మందికి పైగా పసివారు పోయిరి. దానిలోను అదే డైఇథిలీన్ గ్లైకాల్. ఆ పిల్లల తల్లులు మన తల్లులవంటివారే, చీటీ పట్టుకొని దుకాణము ముందు నిలిచి, చెంచాతో కొలిచి తమ చేతులతోనే పోసిరి.

ప్రసంగి 10వ అధ్యాయపు మొదటి వచనములో పరిమళ తైలము చేయువానిని గూర్చిన మాట కలదు: చచ్చిన ఈగలు పడినయెడల అతని తైలమంతయు కంపుకొట్టును. పూర్వకాలపు ఫార్మసిస్టు అతడే. అయితే చచ్చిన ఈగ కంటికి కనబడును, ముక్కునకు తెలియును. ఈ విషము కంటికి కనబడదు, ముక్కునకు తెలియదు, నాలుకకు తియ్యగా నుండును. దానిని కనిపెట్టుటకు మార్గము ఒక్కటే: ఎవరో ఒకరు ఆ డ్రమ్ములోనుండి కొంచెము తీసి, విసుగైనను, నిజముగా పరీక్షచేసి, వచ్చిన అంకెను వచ్చినట్లుగా వ్రాయుట. రావలసిన అంకెను కాదు, వచ్చిన అంకెను. ఈ భేదమును చేతికి అలవాటు చేయుటకే ఆ విసుగైన ప్రాక్టికల్ తరగతులు. బ్యూరెట్టు త్రిప్పినట్లు నటించిన చేయి ఒకనాడు మందుల ఫ్యాక్టరీలో సంతకము పెట్టు చేయి కావచ్చును.

ఆ కౌలు రైతుతో నేను ఈ సంగతియే చెప్పితిని. నష్టపోవువాడు ఉన్నాడు, అయితే ఇంకను మన యెదుటికి రాలేదు. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవానిని కన్నులార చూచి జాలిపడెను. చూచినవానిపై జాలిపడుట మనకు కొంతవరకు చేతనగును. ఇంకను చూడని రోగికి ఇప్పుడే, 18 ఏండ్ల ప్రాయములో, హాస్టలు గదిలో ఋణపడియుండుట చాల కష్టమైన నీతి. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే దూరందే చేర్పిస్తానండి. బస్సు పాసు ఖర్చు మాత్రం చూసుకోవాలి" అనెను. హాస్టలు పెట్టలేక దినమునకు రెండు పూటల బస్సు ప్రయాణము పెట్టిరి. అది మంచి యేర్పాటని నేననను. ఆ పిల్ల తరగతిలో నిద్రపోవుచున్నది. రెండవ సంవత్సరములో ఫీజు కొంత సర్దుకొని హాస్టలులో వేసిరి.

ఆ పిల్లకు మొదట సంతోషము కలిగించినది, వినుటకు వింతగా నుండును, బిళ్ళగన్నేరు చెట్టు. మన సమాధుల తోటలో ఎవరును నాటకుండ పెరుగు ఆ ఊదారంగు పూల మొక్కనుండియే విన్‌క్రిస్టిన్ అను మందు తీయుదురనియు, రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు అది ఇత్తురనియు ఫార్మకాగ్నసీ తరగతిలో వినెనట. సెలవులకు వచ్చి ఆ మొక్కను వేళ్లతో సహా పెరికి ఆరబెట్టుచున్నది. ఆమె ఊహించుకొన్న తెల్లకోటు కంటె ఇది చిన్నది, కాని ఇది ఆమెకు దొరికినది.

అనుకొన్నది ఒకటి, దొరికినది మరియొకటి అని దుఃఖించు పిల్లలకు మన భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పవచ్చును. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు ఖద్దరు ధరించుట వలన ఇంగ్లీషు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, కోరిన ఎం.బి.బి.ఎస్. కాక దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటికి వచ్చెను. 1920ల మొదటి భాగములో అమెరికాలోని బోస్టనుకు పోయినప్పుడు అక్కడ వైద్యము చేయుటకు లైసెన్సు లేక, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పనిచేసి చదువుకొనెను. బోదకాలుకు ఇచ్చు డైఇథైల్‌కార్బమజీన్ మాత్ర వెనుక ఆయన శ్రమ కలదు. ఆరోగ్య కార్యకర్తలు మన యూళ్లలో ఇంటింట పంచిన మాత్ర అది. పాత్రలు కడిగిన రాత్రులలో ఆయన ఏమి తలంచెనో మనకు తెలియదు. ఆ మాత్ర మ్రింగినవారిలో ఆయన పేరు ఎరిగినవారు కొద్దిమంది.

ఇక కడపటి సంగతి. కొందరికి ఇది నొప్పి కలిగించును, ఐనను వ్రాయవలెను. మన దేశములో 1948లో ఫార్మసీ చట్టము వచ్చెను. అంతకుముందు కాంపౌండరుగారు సీసాకు కాగితము అంటించి కలిపి ఇచ్చిన కాలము. డాక్టరు చీటీపై మందు కలిపి ఇచ్చు పని రిజిస్టరు ఫార్మసిస్టుదే యని ఈ చట్టము చెప్పుచున్నది. దుకాణములో అతని కన్నుల యెదుటనే అది జరుగవలెను. అందుచేత ప్రతి మందుల దుకాణములో అద్దము కట్టిన సర్టిఫికెట్టు గోడకు వ్రేలాడుచుండును. కాని ఆ సర్టిఫికెట్టు మీదనున్న మనిషి ఎక్కడ? అనేకచోట్ల గోడ మీద మాత్రమే. నెలకు కొంత అద్దె పుచ్చుకొని అతడు వేరొక ఊరిలో వేరొక పని చేసికొనుచుండును. పదవ తరగతి తప్పిన కుర్రవాడు అర వెదకి మందు తీసి ఇచ్చుచుండును.

మా సంఘములో డి.ఫార్మసీ ముగించిన ఒక చిన్నవానికి ఇట్టి బేరము వచ్చినది. సర్టిఫికెట్టు ఇచ్చిన చాలును, రానక్కరలేదు. తండ్రి లెక్క చెప్పెను: దుకాణములో దినమంతయు నిలుచుండువానికి ఇచ్చు జీతమునకును, ఇంట కూర్చుండువానికి ఇచ్చు అద్దెకును పెద్ద తేడా లేదు, అద్దె తీసికొని కుర్రవాడు వేరొక కూలి చేసికొనినయెడల అప్పు రెండు సంవత్సరములలో తీరును. లెక్కలో తప్పు లేదు. నిజాయితీగా నిలుచుండువానికి ఇంత తక్కువ ఇచ్చు దుకాణదారులును ఈ పాపములో పాలివారే యని నేను ఒప్పుకొనక తప్పదు.

సమరయుని కథలో మనము ప్రసంగములలో అంతగా తలంపని మనిషి ఒకడు ఉన్నాడు: పూటకూళ్లవాడు. సమరయుడు ఒక రాత్రి ఉండి, మరునాడు 2 దేనారములు చేతబెట్టి వెళ్లిపోయెను. దెబ్బలు తిన్నవాని ప్రక్కన మిగిలినవాడు ఈ పూటకూళ్లవాడే. అతడు జాలితో కాదు, డబ్బు పుచ్చుకొని చేసినవాడే. అందుకు ప్రభువు అతనిని నిందింపలేదు. నా దృష్టిలో ఫార్మసిస్టు అతనివంటివాడు. డాక్టరు చీటీ వ్రాసి వెళ్లిన పిమ్మట రోగితో మిగులువాడు అతడే. పూటకూళ్లవాడు ఆ 2 దేనారములు పుచ్చుకొని, తన పేరు పలక తలుపునకు తగిలించి, ఆ మనిషిని లోపల ఒంటరిగా వదలి వెళ్లిపోయినయెడల? దారిలో దోచుకొన్న దొంగలకును అతనికిని భేదమెంత?

ఈ మాట నేను ఆ తండ్రితోను, కుమారునితోను, వారి యింటి అరుగు మీద కూర్చుండి చెప్పితిని. కుమారుడు తల యెత్తలేదు. "నిలబడే ఉద్యోగం గవర్నర్‌పేటలో ఒకటి చూశానండి, జీతం తక్కువ, గది అద్దె పోతే ఏమీ మిగలదు" అని మాత్రము అనెను. ఆ గది అద్దెలో కొంత సంఘమునుండి ఇచ్చుటకు వీలగునా యని పెద్దలను అడిగియున్నాను. వచ్చే కమిటీలో మాటలాడుదుమనిరి. తండ్రి వరికోతలు కానిచ్చి చెప్పెదననెను. ఈలోగా ఆ దుకాణదారుడు రెండు సారులు ఫోను చేసెనట.